బేరింగు గుళ్లు

గుణుపురం స్టేషను రోడ్డులో నాది పంచర్ల షాపు.
బోర్డు ఒడియాలో, బేరాలు తెలుగులో,
తిట్లు రెండిట్లోనూ.

మా గుంటడు ధనుంజయకి అప్పుడు ఆరేళ్లు.
చెల్లి అరచేయి పట్టుకెళ్లి
ప్యాచీ కాల్చే మిషను మీద ఆనించాడు.
అది కేక పెట్టింది. వీడు వదల్లేదు.
ముఖంలో కోపం లేదు. నవ్వూ లేదు.
ఎసరు ఎప్పుడు మరుగుతుందా అని గిన్నెలోకి చూస్తామే,
అలా చూశాడు దాని ముఖంలోకి.

పాత ట్యూబు ముక్క తీసి కొట్టాను.
నా చేయి నొప్పెట్టేదాకా కొట్టాను.
ఏడవలేదు.
"అయిపోయిందా?" అని అడిగి, వెళ్లి అన్నం తిన్నాడు.
ఆ రాత్రి నా కొడుకంటే నాకు భయమేసింది.
ఈ మాట ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు.

పాలకొండ నుంచి మా అత్త తాయెత్తు తెచ్చింది.
బళ్లో సారు పేరు కొట్టేస్తానన్నాడు.
"వాడి రక్తంలోనే ఉందిరా" అన్నాడు మా అన్న,
అది తన రక్తం కూడానని మరిచి.

బరంపురం పెద్దాసుపత్రిలో సులోచనా పాఢీ అని ఒకావిడ
నేల మీద వాడి పక్కన కూర్చుని
గంటసేపు అట్టపెట్టెలతో బస్సులు కట్టింది.
చివర్లో ఒడియాలో చెప్పింది, నేను తెలుగులో దాచుకున్నాను:
కొడితే ఈ పిల్లాడికి తగలదు.
మెచ్చుకుంటే తగులుతుంది.
ఎదుటివాళ్ల ముఖం వీడికి రాని భాష.
అక్షరం అక్షరం దిద్దించాలి, మీరే.

భాష రాకపోవడమంటే నాకు తెలుసు.
పదేళ్లప్పుడు ఈ ఊరొచ్చి, ఒడియా బళ్లో
ఏడాదిపాటు అందరూ నవ్వినప్పుడల్లా నవ్వాను.

అప్పట్నించి రోజూ షట్టరెత్తే ముందు
పది నిమిషాలు వాడు చెప్పిన ఆట.
వాడు డ్రైవరు, నేను క్లీనరు.
చెల్లిని తోయకుండా దాటితే ఒక గుండు.
కుక్కకి నీళ్లు పెడితే ఒక గుండు.
హార్లిక్స్ సీసాలో సైకిల్ బేరింగు గుళ్లు, టంగుమని.
తప్పు చేసినా, వేసినవి తీయకూడదట.
అదే నాకు కష్టం.
చేయి సీసా మీదికే పోతుంది.

మార్చిలో ఆ కుక్కపిల్లనే వంశధారలో ముంచి పట్టుకున్నాడు.
ఎవరో లాగేశారు, బతికింది.
ఎందుకురా అంటే,
"బుడగలొస్తాయా అని. నువ్వూ తొట్టిలో చూస్తావు గదా."

ఏం చెప్పను?
ఆ రోజంతా ఏ ట్యూబూ నీళ్లలో పెట్టలేకపోయాను.

సొల్యూషన్ రాసి వెంటనే ప్యాచీ వేస్తే అతకదు.
ఆరాలి.
బండాయన హారన్ కొడుతూనే ఉంటాడు, ఆరాలి.
ఇరవయ్యేళ్లుగా చేతికొచ్చిన పని,
ఇంట్లో మాత్రం రాదు.

మొన్న సంతరోజు కొండ దిగొచ్చిన సవర కుర్రాడొకడు
షాపు ముందే సైకిలు మీంచి పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది.
మావాడు మోకాలు చూశాడు, ఆ కుర్రాడి ముఖం చూశాడు,
ఏ ముఖం పెట్టుకోవాలో అని నా ముఖం చూశాడు.
తొట్టిలోంచి మగ్గు ముంచి నీళ్లు పోస్తూ
ఎక్కం అప్పజెప్పినట్టు అడిగాడు:
"కష్ట హఉచి కి?"
తర్వాత నా దగ్గరికొచ్చి అరచేయి చాపాడు.

"గుండు కోసం చేశాడు" అంది మా ఆవిడ.
కోసమే.
నేను మాత్రం, అర్థమయ్యా నవ్వాను మొదట్లో?

రాత్రి సీసా లెక్కపెట్టాను.
ముప్పై ఏడుండాలి, ముప్పై ఆరే ఉన్నాయి.
నిద్రలో గుంట పిడికిలి విప్పి చూస్తే
కాలిన మచ్చ మధ్య మెరుస్తూ ఒక గుండు.
వాడిచ్చాడో, అదే తీసిందో.
లేపి అడగలేదు. పిడికిలి మళ్లీ మూశాను.

పొద్దున లేవగానే
వాడూ లెక్కపెడతాడు.